చామాకు నడుమ చుక్క ఎందుకు నిలుస్తుంది

ఒకప్పుడు చామాకు మీద నీళ్ళు నిలిచేవి. ఇప్పుడంటే చెంబెడు గుమ్మరించినా గుండ్రంగా దొర్లి కింద పడతాయి గానీ, అప్పట్లో చామ కూడా అన్ని మొక్కల్లాంటిదే. వాన పడితే తడిసేది, ఎండ కాస్తే ఆరేది, దుమ్ము లేస్తే మాసేది.

ఆ కాలంలో ఒక పంటకాలవ గట్టున, బట్టలుతికే బండ పక్కన, చామమ్మ అనే మొక్క ఉండేది. ఏనుగు చెవులంత ఆకులు ఆవిడవి. ఒక్కో ఆకు మీద ఒక్కో ఊరు. మనుషుల ఊరు కాదు, నలుసుల ఊరు.

నలుసులంటే కంటికి ఆననంత చిన్నవాళ్ళు. వాళ్ళకి చీమంటే ఏనుగు, దోమంటే గరుడపక్షి. గాలికి కొట్టుకొచ్చేవాళ్ళు కొందరు, వానచినుకుతో దిగేవాళ్ళు కొందరు, సీతాకోకచిలుక కాళ్ళకి అంటుకుని వచ్చేవాళ్ళు కొందరు. తెల్లవాళ్ళు, పసుప్పచ్చవాళ్ళు, గులాబీరంగువాళ్ళు, దారప్పోగుల్లా సన్నగా పొడుగ్గా ఉండేవాళ్ళు, అందరూ ఒకే ఆకు మీద సర్దుకుని బతికేవాళ్ళు. ఆకు ఈనెల పక్కన మంచునీరు నిలుస్తుంది. ఆకులోంచి ఊరే తీపి చెమట కూడా అక్కడికే చేరుతుంది. అందుకని నలుసులకి ఈనె పక్కన చోటు దొరికితే, రైతుకి కాలవ పక్కన పొలం దొరికినట్టే.

అలాంటి ఒక ఈనె పక్కన నూకరాజు ఇల్లు. గులాబీరంగు నలుసు. ఊళ్ళో అతనికున్న పేరల్లా ఒకటే, తనమీద తనే జోకులేసుకుంటాడని. పేరు చివర రాజు ఉందని మురిసిపోకండి, ముందు నూక ఉంది చూసుకోండి అనేవాడు. పొద్దున్నే మంచుబొట్టులో ముఖం చూసుకోబోయి, ఇందులో నూకరాజు ఎక్కడున్నాడర్రా అని పక్కింటివాళ్ళని పిలిచి వెతికించేవాడు. ఒకసారి చీమ ఎదురైతే తను అడుగు కదపకుండా నిలబడిన వీరగాథ ఊరంతటికీ చెప్పేవాడు. పారిపోదామనే అనుకున్నాను గానీ, పారిపోవడానికి కాళ్ళుండాలిగా అని ముగించేవాడు. అతని భార్య సత్తెమ్మ నవ్వేది. ఊరు నవ్వేది. ఎప్పుడూ ముఖం ముడుచుకుని ఉండే దారప్పోగు పెద్దాయన పోతయ్య కూడా ఓ మూల వణికేవాడు. అది ఆయన నవ్వు.

అయితే నూకరాజుకి ఒక గుణం ఉంది. తనను తను ఎన్నైనా అనుకుంటాడు. అదే మాట ఇంకొకరి నోట వస్తే మాత్రం ఓర్చుకోలేడు. ఈ సంగతి అతనికే తెలీదు. నత్తమ్మ వచ్చేదాకా తెలీలేదు.

నత్తమ్మ ఆ గట్టు మీద తిరిగే నత్త. మంచిదే. మనసులో ఏదీ దాచుకోదు, నోట్లో కూడా దాచుకోదు. విన్నది విన్నట్టు చెప్పేస్తుంది. ఒకరోజు ఉదయం చామాకు మీదుగా పాకుతూ నూకరాజు ఇంటి ముందు ఆగి, ఎలా ఉన్నారని అడిగింది. నూకరాజు అలవాటు ప్రకారం, మాదీ ఒక బతుకేనా నత్తమ్మా, తింటాం, కూర్చుంటాం, అంతకుమించి ఏముంది అన్నాడు. నవ్వుతుందనుకున్నాడు.

నత్తమ్మ నవ్వలేదు. ఆ మాటని నిదానంగా అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత అంది:

"నిజమే నూకరాజూ. మీరున్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

నూకరాజుకి ఎక్కడో చురుక్కుమంది. పక్కనే సత్తెమ్మ ఉంది. ఇరుగుపొరుగు వింటున్నారు. ఇంక ఆగలేకపోయాడు.

"ఏమన్నావు? ఈ ఆకు ఇంత పచ్చగా ఉందంటే ఎవరి చలవనుకున్నావు? మేం లేకపోతే ఎప్పుడో కుళ్ళిపోయేది. అసలు చామమ్మంటే ఎవరు? మా పెరట్లో మొక్క."

అన్నాక అతనికే ఆశ్చర్యం వేసింది. ఇంత చిన్న నోట్లోంచి అంత పెద్ద అబద్ధం ఎలా పట్టి బయటికొచ్చిందా అనుకున్నాడు. వెనక్కి తీసుకుందామనుకునే లోపే చుట్టుపక్కలవాళ్ళు అబ్బో అన్నారు. ఆ అబ్బో చెవికి ఇంపుగా ఉంది. ఊరుకున్నాడు.

నత్తమ్మ కాడ మీదుగా కిందికి దిగింది. దిగడానికి మధ్యాహ్నం దాటింది. మొక్క మొదలు దగ్గర కాసేపు ఆగి అలుపు తీర్చుకుంటూ, చామమ్మకి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. చాడీ చెబుతున్నానని దానికి తెలీదు. ఊళ్ళో కబురు ఒకటి చెప్పాననుకుంది, అంతే.

చామమ్మ మనసు గిలగిల్లాడింది. ఇన్నాళ్ళూ ఎవరినీ పొమ్మనలేదు. ఎవరొచ్చినా చోటిచ్చింది. అడక్కుండానే తీపి చెమట పెట్టింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, చివరికి తను కంటికి కనబడని వీళ్ళ పెరటి చెట్టు అయిపోయిందా అనుకుంది. తన ఆకుల వైపు చూసుకుంది. ఇన్నాళ్ళూ పచ్చగా కనబడిన చోటల్లా ఇప్పుడు మురికిలా కనబడింది.

గట్టు మీద గానుగచెట్టుకి తేనెపట్టు ఉంది. అక్కణ్ణించి వస్తున్న తేనెటీగని పిలిచి, ఒంటిమీద ఎవరూ నిలవకుండా ఉండాలంటే ఏం చెయ్యాలని అడిగింది. తేనెటీగకి పని తొందర. మైనం పూసుకో అంది. మైనం ఎక్కడ దొరుకుతుందని అడిగితే, దొరకదు, మాలాగే ఒంట్లోంచి పుట్టించుకోవాలి, ఎండని మింగి, ఊపిరి బిగబట్టి, చర్మంలోంచి బయటికి తొయ్యి అని చెప్పి ఎగిరిపోయింది. ఒకసారి మొదలెడితే ఆగదని కూడా చెప్పేదే, కానీ అప్పటికే చాలా దూరం వెళ్ళిపోయింది.

చామమ్మ ఆ మిగిలిన పొద్దంతా ఎండ మింగింది. సాయంత్రానికి ఆకుల మీద సన్నటి బూడిదరంగు పొర వచ్చింది. చెయ్యి పెడితే జారిపోయేంత నునుపు.

మర్నాడు పొద్దున మంచు కురిసింది. కురిసిన మంచు ఆకు మీద పరుచుకోలేదు. గుండ్రంగా ముద్దకట్టింది. గాలి చిన్నగా కదిపింది. అంతే, మంచుబొట్లు దొర్లడం మొదలుపెట్టాయి. ఒక్కో బొట్టుకి అంటుకుని ఒక్కో వీధి కదిలింది. పట్టుకుందామంటే పట్టు లేదు. ఈనెల పక్కనున్న ఇళ్ళన్నీ జారి, ఆకు కొసకి చేరి, అక్కణ్ణించి కాలవలో పడ్డాయి. కాలవ అందరినీ కలిపి తీసుకుపోయింది. ఏ చేను గట్టుకి చేరారో, చేరలేదో.

నూకరాజు, సత్తెమ్మ ఉన్న బొట్టు దారితప్పి పక్కకి దొర్లింది. కింద మొవ్వలో పడింది. మొవ్వంటే ఇంకా విచ్చుకోకుండా సన్నగా చుట్టుకుని ఉన్న లేతాకు. అప్పటికి దానికి మైనం పట్టలేదు. ఆ చుట్టలోపల చీకట్లో, తడిలో, చావకుండా మిగిలినవాళ్ళు పిడికెడు మంది కూడా లేరు. నలుసుల పిడికిలి ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

మిగిలినవాళ్ళలో పోతయ్య ఉన్నాడు. ఆయన కొడుకు లేడు. ఆకు కొసదాకా తండ్రిని పట్టుకునే ఉన్నాడట. అక్కడ పోగు తెగి, కొడుకు కాలవలోకి, తండ్రి మొవ్వలోకి పడ్డారు.

నత్తమ్మ అటుగా వచ్చి, ఏ మాటకి చామమ్మ మైనం పూసుకుందో ఉన్నదున్నట్టు చెప్పి పోయింది. తర్వాత పోతయ్య మెల్లగా, కోపం కూడా లేకుండా అన్నాడు: "నవ్వించు నూకరాజూ. ఇప్పుడు నవ్వించు."

నూకరాజు నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. తనమీద వేసుకోవడానికి జోకులు లేక కాదు. ఇన్నాళ్ళూ తనను తను చిన్నవాణ్ణి అని చెప్పుకున్నది ఎవరూ నిజమనుకోకూడదనే ఆశతో. ఇప్పుడు నిజంగానే చిన్నవాడైపోయాడు. నిజంగా చిన్నవాడైనవాడికి ఆ మాట చెప్పుకోవడంలో సరదా ఏముంటుంది?

మిగతావాళ్ళు అతనికి దూరంగా జరిగి కూర్చున్నారు. మొవ్వలో దూరమంటే ఎంత, వెంట్రుకవాసి. ఆ వెంట్రుకవాసే అతనికి ఏరంత అయింది. సత్తెమ్మ మాత్రం పక్కనే ఉంది. ఆవిడ కూడా ఏడుస్తూనే ఉంది.

"మీరు అబద్ధం చెప్పారని కాదండీ నా బాధ," అంది. "ఎప్పుడూ మనల్ని తీసిపారేస్తూ మాట్లాడతారు. పుట్టి బుద్ధెరిగాక మన గురించి మీరు చెప్పిన మంచిమాట అదొక్కటే. అది కూడా అబద్ధమే అవ్వాలా?"



ఇంతలో వానాకాలం పట్టింది. తూర్పుగాలి తోడుతెచ్చుకున్నవాళ్ళలో మచ్చల తెగులు ఒకడు. వాడు ప్రతి ఏడూ వచ్చేవాడే. చినుకు మీద కూర్చుని చామాకు మీద దిగాడు. మైనం వల్ల చినుకు జారింది గానీ, పూర్తిగా కింద పడలేదు. ఆకు కొసన వేలాడుతూ ఆగింది. తెగులు చుట్టూ చూశాడు. పక్క ఆకు మీద నత్తమ్మ ఆకుముక్క నములుతోంది. వాడికి సంతోషం పట్టలేక, ఎవరో ఒకరికి చెప్పుకోవాలని నత్తమ్మకే చెప్పుకున్నాడు.

"ఏటా వస్తాను. ఏటా ఖాళీ లేక వెళ్ళిపోతాను. ఎక్కడ దిగబోయినా ఎవడో ఒక నలుసుగాడు ముందే కూర్చుని మేస్తూ ఉండేవాడు. ఈ ఏడు ఒక్కడూ లేడు. ఆకంతా నాదే."

అని ఆకు కొసని కొరికాడు. కొరికిన చోట గోధుమరంగు మచ్చ పడింది. గుండ్రంగా పెరగడం మొదలుపెట్టింది.

నత్తమ్మ విన్నది విన్నట్టు మోసుకుని మొవ్వ దగ్గరికి వచ్చింది. వచ్చేసరికి ఇంకో ఆకుకి కూడా మచ్చ పడింది. మొవ్వ అంచున తల పెట్టి తెగులు మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా లోపలికి చెప్పింది.

లోపలున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నూకరాజు వైపు తిరిగారు. సత్తెమ్మ కూడా తిరిగింది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

నూకరాజుకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక తల పట్టుకున్నాడు. "చూశావటే, జన్మకో అబద్ధం చెప్పాను. అది కూడా చేతకాలేదు. నిజమై కూర్చుంది," అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో తెలీదు గానీ, మొవ్వలో పడ్డాక వినబడిన మొదటి నవ్వు అది.

తర్వాత వాదన మొదలైంది. కుళ్ళిపోనీ, మన వాళ్ళందరినీ కాలవలో పారబోసింది ఆవిడే కదా అన్నారు కొందరు. మొవ్వ దాకా తెగులు వస్తే మనం కూడా పోతాం అన్నారు ఇంకొందరు. నూకరాజు రెండు పక్షాల్లోనూ చేరలేదు. ఆవిడ అన్నాళ్ళు అడక్కుండా పెట్టింది, నోరు జారింది నేను, అనకూడని మాట అనకూడని చోట అన్నాను, నేను వెళ్తాను, వచ్చేవాళ్ళు రండి అన్నాడు. వెళ్ళి ఏం చేస్తావని అడిగారు. తింటాను, కూర్చుంటాను, నాకు వచ్చినవి అవే కదా అన్నాడు.

అందరికంటే ముందు లేచింది పోతయ్య. ఎందుకని ఎవరూ అడగలేదు.

కానీ మైనం మీద నడవడం ఎలా? నత్తమ్మే దారి. నత్త ఎక్కడ పాకితే అక్కడ జిగురు చార పడుతుంది. ఆ జిగురు మైనం మీద కూడా పట్టుకుంటుంది. నలుసులంతా నత్తమ్మ గుల్లెక్కారు. నూకరాజు తన జీవితంలో యుద్ధానికి బయల్దేరడం అదే మొదలు, బయల్దేరిన వాహనం నత్త. దూరంగా మచ్చ పెరుగుతూ కనబడుతోంది. నత్తమ్మ శక్తికొద్దీ పరిగెడుతోంది. ఆ పరుగు చూసి ఏడవాలో నవ్వాలో తెలీక నూకరాజు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

కాడ మీద ఎక్కుతుండగా చామమ్మకి తెలిసింది. జ్వరంతో ఉన్నదానిలా నీరసంగా, ఎవరది అని అడిగింది.

నూకరాజు గుల్ల మీంచే సమాధానం చెప్పాడు: "నేనమ్మా, నూకరాజుని. మిమ్మల్ని మా పెరట్లో మొక్క అన్నవాణ్ణి. మీరు నా పెరట్లో మొక్క కాదు, మీ ఆకు మీద నేనొక నలుసుని. అది చెప్పి పోదామని మాత్రం రాలేదు. ఆకలేసి వచ్చాను. ఏమైనా పెడతారా?"

ఆ మాటకి నత్తమ్మ ఆగిపోయింది. ఆగిందో నడుస్తోందో మామూలుగానే తెలీదు గానీ, అప్పుడు నిజంగానే ఆగింది.

"ఇంకా నా దగ్గర అడుగుతున్నావా?" అంది చామమ్మ. ఆ గొంతులో కోపం లేదు.

తర్వాత ఆకు అంచుల వెంబడి, కొసల దగ్గర, చిన్న చిన్న తీపి చుక్కలు ఊరాయి. చామ మొక్క ఏడిస్తే ఆకు కొసల్లోంచే ఏడుస్తుంది.

నత్తమ్మ అంచు వెంబడి పాకింది. దాని వెనక పడిన జిగురు చార మీద నలుసులు ఒక్కొక్కరే దిగారు. మచ్చకి ఎదురుగా, దానికి ఆనుకుని, వరుసగా కూర్చున్నారు. తినడం మొదలుపెట్టారు.

నలుసుల్లో ఒక వింత ఉంది. కడుపు నిండితే ఒకరు ఇద్దరవుతారు. కాసేపటికి నూకరాజు పక్కన ఇంకో నూకరాజు ఉన్నాడు. ఇద్దరు సత్తెమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒక్కణ్ణి భరించడమే గండమంటే అని నుదురు కొట్టుకున్నారు. పోతయ్య పోగు పక్కన ఇంకో పోగు పెరిగింది. కొడుకు కాదు. కానీ ఆయన దాన్ని పక్కకి నెట్టలేదు.

తెగులు తలెత్తి చూశాడు. తన ముందున్న చోటు నిండిపోతోంది. పక్కకి జరిగాడు. అక్కడా ఎవరో కూర్చున్నారు. తీపి చుక్క వైపు నోరు చాపేలోపు దాన్ని ఎవరో తాగేశారు. వాడికి మండిపోయింది.

"యుద్ధానికి వచ్చినవాళ్ళు అలా కూర్చుంటారేం? కత్తులేవి? లేచి కొట్టండి," అన్నాడు.

"మాకు కత్తులు రావండీ," అన్నాడు నూకరాజు, నోట్లోది మింగి. "మాకు వచ్చినవి రెండే. తినడం, కదలకుండా కూర్చోవడం. ఇన్నాళ్ళూ దీన్ని సోమరితనం అనుకున్నాం. మీ మాట నత్తమ్మ నోట విన్నాకే తెలిసింది, ఇదొక విద్య అని."

తెగులు గర్జించాడు. కొందరిని కొరికాడు కూడా. కొరికిన చోట ఖాళీ అయితే, పక్కవాడు ఇద్దరై ఆ ఖాళీ నింపాడు. నూకరాజుకి పారిపోదామని ఎన్నిసార్లు అనిపించిందో. కానీ కాళ్ళు లేవు. కాళ్ళు లేనందుకు ఆ రోజు మొదటిసారి సంతోషించాడు.

వాన వెలిసింది. ఎండ వచ్చింది. తెగులుకి తడి లేకపోతే ఊపిరాడదు, తిండి లేకపోతే కదల్లేడు. సన్నబడి, ఎండి, పొడిగా రాలిపోయాడు. కొంత పొడి గాలికి లేచి కాలవ అవతలికి పోయింది. మళ్ళీ ఏడు వస్తాడని అందరికీ తెలుసు. గోధుమరంగు మచ్చలు మాత్రం ఆకు అంచుల్లో చిరిగి మిగిలాయి.

చామమ్మ ఊపిరి పీల్చుకుంది. ఇక్కడే ఉండండి, మళ్ళీ ఈనెల పక్కన ఇళ్ళు కట్టుకోండి అంది. మైనం తీసేద్దామని చూసింది. ఊపిరి వదిలింది, ఎండ మింగడం మానేసింది, ఆకులు దులిపింది. మైనం ఊరుతూనే ఉంది. అలవాటైన ఒళ్ళు చెప్పిన మాట వినలేదు. కొత్తగా విచ్చుకున్న మొవ్వాకు కూడా నున్నగానే విచ్చుకుంది.

చామమ్మకి దుఃఖం ఆగలేదు. మిమ్మల్ని తరిమింది నేనే, ఇప్పుడు పిలుద్దామన్నా చోటు లేకుండా చేసుకుంది నేనే అంది.

నూకరాజు ఊరుకోమన్నాడు. పెద్ద ఆకు నిండా ఉండి ఏం చేశాం, కోతలు కోశాం, మాలాంటివాళ్ళకి చెంబంత చోటు అక్కర్లేదు, చుక్కంత చాలు అన్నాడు. మాట వరసకి అన్నాడు. తనవాళ్ళ వైపు చూస్తే దిగులుగానే ఉంది. రేపు మంచు కురిస్తే మళ్ళీ జారిపోవలసిందే.

చామమ్మ ఆ మాట పట్టుకుంది. ప్రతి ఆకునీ కింద కాడ పట్టుకుని ఉంటుంది కదా, ఆ కాడతో ఆకు నడిమధ్యని గట్టిగా కిందికి లాగింది. నొప్పి పుట్టింది. ఇంకా లాగింది. ఆకు నడుమ చిన్న గుంట పడింది. అన్ని ఈనెలూ ఆ గుంటలోకే వచ్చి కలిశాయి. దొర్లుకుంటూ పోతున్న ఒక నీటిబొట్టు అందులో పడి, బయటికి పోలేక ఆగింది.

సత్తెమ్మ ముందు దిగింది. చల్లగా ఉంది రండి అని మిగతావాళ్ళని పిలిచింది. పోతయ్య అంచున ఆగి కాలవ వైపు చూశాడు. గాలి ఆ వైపు నుంచే వీస్తోంది. కొట్టుకుపోయినవాళ్ళలో ఎవరైనా ఏ గట్టునో ఎండి, గాలికి లేచి తిరిగిరావచ్చు. వస్తే ఎక్కడ దిగాలో తెలియాలి కదా అని, తన పక్కన కొంచెం చోటు వదిలి కూర్చున్నాడు. ఆయన్ని చూసి నూకరాజు కూడా జరిగాడు. ఆ జరగడం చూసి పక్కవాళ్ళు, వాళ్ళ పక్కవాళ్ళు.

అప్పటినుంచే చామాకు మీద ఎన్ని నీళ్ళు పోసినా దొర్లిపోతాయి, నడుమ గుంటలో మాత్రం ఒక చుక్క నిలుస్తుంది. గాలి లేనప్పుడు కూడా ఆ చుక్క సన్నగా వణుకుతూనే ఉంటుంది. లోపలివాళ్ళు ఇంకా సర్దుకుని కూర్చుంటున్నారు, ఎవరో ఒకరు వస్తారని.